తొంభై రోజులు దాటితేనే కొలువు

ఈ పనిలో కొత్తగా చేరినవాళ్లు నన్ను మొదట అడిగే ప్రశ్న ఒక్కటే: "ఇప్పటిదాకా ఎంతమందికి ఉద్యోగాలు ఇప్పించారు మేడం?" నేను ప్రశ్నను మార్చి చెబుతాను. ఎంతమంది చేరారని అడగొద్దు. మూడు నెలల తర్వాత ఎంతమంది ఇంకా అక్కడే పనిచేస్తున్నారో అడగండి. మన పనితనం తేలేది ఆ జవాబులోనే.

శంషాబాద్ చుట్టుపక్కల ఊళ్లలో, తండాల్లో చదువు మధ్యలో ఆపేసిన పిల్లలకు పని నేర్పి, కొలువుల్లో పెట్టే స్వచ్ఛంద సంస్థలో చాలా ఏళ్లుగా ఉన్నాను. మొదట ఊరూరూ తిరిగి పిల్లల్ని కూడగట్టే మొబిలైజర్‌ని. తర్వాత ట్రైనర్‌ని. ఇప్పుడు సెంటర్ బాధ్యత చూస్తున్నాను. ఈ పనిలో ఉన్న కిటుకులు ఏ పుస్తకంలోనూ దొరకవు. ఒకరు చెబితే ఇంకొకరు నేర్చుకోవాలి. నాకు పెద్దలు చెప్పారు, మీకు నేను చెబుతున్నాను.

ముందు మన చోటు గురించి తెలుసుకోండి. మన పక్కనున్న శంషాబాద్ విమానాశ్రయానికి 2005 మార్చి 16న శంకుస్థాపన జరిగింది. 2008 మార్చి 23న ఇక్కడి నుంచి విమానాలు ఎగరడం మొదలైంది, బేగంపేట పాత విమానాశ్రయంలో ప్రయాణికుల సందడి ఆగిపోయింది. దాదాపు ఐదున్నర వేల ఎకరాల స్థలం ఇది. ఏటా కోటీ ఇరవై లక్షల మంది ప్రయాణికులకు సరిపోయేలా కట్టారు. ఇప్పుడు ఏటా రెండు కోట్లు దాటిపోతున్నారు. టెర్మినల్, కార్గో, విమానాల మరమ్మతు షెడ్లు, హోటళ్లు, బెంగళూరు హైవే మీద కొత్తూరు, షాద్‌నగర్ దాకా గోదాములు, ఫ్యాక్టరీలు. ఇన్ని కొలువులు కళ్లముందే ఉన్నా, గేటు అవతల మనుషులు కావాలన్న కబురు ఇవతలి ఊరికి అందదు. ఊళ్లో పిల్లలున్నారన్న సంగతి అక్కడి సూపర్‌వైజర్‌కు తెలియదు. ఒకప్పుడు ఈ నేలమీద నాగలి పట్టినవాళ్ల మనవళ్లు, మనవరాళ్లు ఆ గేటు దాటి తలెత్తుకుని డ్యూటీకి వెళ్లాలి. నాకున్న పట్టుదల అదే.

మన విద్యకు ఒక వంశవృక్షం ఉంది. డాక్టర్ రెడ్డీస్ ఫౌండేషన్ 1996లో పుట్టింది. తొంభైల చివర్లో వాళ్లు లాబ్స్ అనే శిక్షణ పద్ధతి మొదలుపెట్టారు. ముందు ఊళ్లో, పట్నంలో ఏ కొలువులున్నాయో తిరిగి చూడటం, దాన్నిబట్టి కోర్సు పెట్టడం, పనితోపాటు నడవడిక నేర్పడం, చేర్చాక కూడా వెంట ఉండటం. దారి పొడుగునా ఇదే వరస. 2005లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గ్రామీణ యువత కోసం ఈజీఎంఎం అనే ఉపాధి కల్పన మిషన్ పెట్టినప్పుడు ఆ బాటలోనే నడిచింది. ఇంగ్లిష్, పనికి సిద్ధపడటం, కంప్యూటర్ మూడూ కలిపి నేర్పే అకాడమీలు నడిపింది. 2014 సెప్టెంబర్ 25న కేంద్రం దీన్‌దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన తెచ్చేసరికి, శిక్షణ ఇచ్చినవాళ్లలో ఎక్కువమందికి కొలువు చూపాలన్న షరతు అందులో భాగమైంది. తొలిరోజుల్లో లాబ్స్ పద్ధతిని ఎవరికీ చూపకుండా దాచుకుని ఉంటే, ఈ రోజు మన చేతికి ఏమొచ్చేది? అందుకే మా సెంటర్‌లో ఏ ఫైలైనా పక్క సంస్థవాళ్లు అడిగితే తీసి ఇస్తాం.

ఇక పనిలోకి వద్దాం. మొదటి మెట్టు మార్కెట్ స్కాన్. అంటే, కోర్సు పెట్టకముందే కొలువులిచ్చేవాళ్ల దగ్గరికి వెళ్లి కనుక్కోవడం. కొత్తవాళ్లు నేరుగా హెచ్‌ఆర్ ఆఫీసుకు వెళ్లి, "మీకు ఎంతమంది కావాలి సార్?" అని అడుగుతారు. ఆయన ఒక అంకె చెబుతాడు. ఆ అంకెతో మీకు పెద్ద ఉపయోగం లేదు. షిఫ్టు దిగే వేళకు గేటు దగ్గర చాయ్ బండి పక్కన నిలబడండి. అక్కడికి వచ్చే షిఫ్టు సూపర్‌వైజర్‌ని అడగండి: "పోయిన నెల ఎంతమంది మానేశారు? ఎందుకు మానేశారు?" కాళ్లనొప్పులన్నాడనుకోండి, రాత్రి బస్సు లేదన్నాడనుకోండి, చెప్పింది అర్థం చేసుకోలేదన్నాడనుకోండి, మీ సిలబస్ సగం అక్కడే తయారైపోయింది.

రెండో మెట్టు ఊరు. ఇది నాకు నేర్పింది మా సెంటర్‌లో నాకంటే ముందు మొబిలైజర్‌గా చేసిన ఒక పెద్దామె. ఆమె మాట సూటిగా ఉండేది: "పొద్దుగాల పదింటికి పోతే ఇంట్ల ముసలోళ్లే ఉంటరు బిడ్డా. పొద్దుగూకినంక పో. తల్లీ, తండ్రీ, పిల్ల ముగ్గురూ ఒక్కతాన దొరుకుతరు." ఇంకోటి కూడా చెప్పింది. కరపత్రాలు పంచడం కంటే మహిళా సంఘం మీటింగ్‌లో పది నిమిషాలు అడిగి తీసుకోవడం మేలు. సంఘం లీడర్ ఒక్కమాట చెబితే ఊరు వింటుంది. ఎవరింట్లో ఇంటర్ ఫెయిలైన పిల్ల ఉంది, ఎవరి కొడుకు ఖాళీగా తిరుగుతున్నాడు, ఎవరింట్లో పెళ్లి మాటలు నడుస్తున్నాయి, అన్నీ ఆమెకు తెలుసు.

ఆడపిల్లల తల్లులు అడిగే ప్రశ్న ఏ ఊళ్లోనైనా ఒకటే: "రాత్రిళ్లు డ్యూటీ గదా మేడం, ఆడపిల్లను ఎట్ల పంపుతం?" ఈ ప్రశ్నకు ధైర్యం చెప్పే మాటలు పనికిరావు, రుజువు కావాలి. ఏ బండి వస్తుంది, ఎన్నింటికి వస్తుంది, ఇంటి ముందు దించుతుందా, రోడ్డు మీద దించుతుందా అన్నది కంపెనీ నుంచి తెలుసుకుని కాగితం మీద రాసి ఇవ్వండి. అదే ఊరి నుంచి అప్పటికే పనిచేస్తున్న అమ్మాయిని వెంటబెట్టుకుని వెళ్లండి. ఆ అమ్మాయి తల్లి, ఈ అమ్మాయి తల్లి మాట్లాడుకునేటప్పుడు మీరు నోరు మెదపొద్దు. నేను చూసినంతలో ఒప్పుకున్న ఇళ్లలో చాలావరకు ఆ ఇద్దరు తల్లుల మాటలతోనే ఒప్పుకున్నాయి.

మూడో మెట్టు కాగితాలు. ఎయిర్‌పోర్టు కొలువుకూ మిగతా కొలువుకూ ఇక్కడే తేడా. టెర్మినల్ లోపల, రన్‌వే వైపు పనిచేయాలంటే ఏఈపీ కావాలి. పౌర విమానయాన భద్రతా సంస్థ బీసీఏఎస్ నియమాల ప్రకారం ఇచ్చే ప్రవేశపు పాస్ అది. పోలీసుల విచారణ ఉంటుంది, భద్రత మీద అవగాహన క్లాసు ఉంటుంది. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఒక్క పొడి అక్షరంగా ఉంటుంది, ఆధార్‌లో పూర్తిగా ఉంటుంది, బ్యాంకు పాస్‌బుక్కులో అసలు ఉండదు. పుట్టిన తేదీ ఒక్కో కార్డులో ఒక్కో రకం. అన్నీ నేర్చుకున్న పిల్లవాడు ఈ చిన్న తేడా దగ్గర నెలల తరబడి ఆగిపోతాడు. అందుకని బ్యాచ్ మొదలైన మొదటివారంలోనే ఈ కాగితాలన్నీ పక్కపక్కన పరిచి, అక్షరం అక్షరం సరిచూడాలి. దిద్దుబాటుకు అప్పుడే మీ-సేవకో, ఆధార్ కేంద్రానికో పంపాలి. శిక్షణ పూర్తయ్యేలోగా కాగితం కూడా చేతికొస్తుంది. ఒకవేళ పిల్లవాడి మీద కేసు ఏదైనా ఉంటే ముందే చెప్పమనండి. దాచితే ఎలాగూ విచారణలో బయటపడుతుంది. ముందే తెలిస్తే ఆ పాస్‌తో పనిలేని కొలువు వెతకొచ్చు. గేటు బయట కొలువులు బోలెడున్నాయి.

నాలుగో మెట్టు శిక్షణ. నా దృష్టిలో ఇది మా గురువుగారి రాజ్యం. ఎయిర్‌ఫోర్సులో పనిచేసి రిటైరై మా దగ్గర చేరిన పెద్దమనిషి ఆయన. రెండు విద్యలు ఆయన పెట్టిన భిక్ష. ఒకటి, చెప్పిన మాట తిరిగి చెప్పించడం. "మూడో బెల్టు దగ్గర రెండు ట్రాలీలు పెట్టు" అంటే, "సరే సార్" అనకూడదు. "మూడో బెల్టు, రెండు ట్రాలీలు సార్" అనాలి. పైలట్లు, కంట్రోల్ టవర్‌వాళ్లు మాట్లాడుకునే తీరు అదే. "సరే సార్" అని తలూపే పిల్లవాడికి సగం అర్థం కాలేదన్నమాట. తిరిగి చెప్పిస్తే ఏ సగమో బయటపడుతుంది.

రెండోది నేలమీద చూపు. ర్యాంప్ మీద, అంటే విమానం నిలబడే చోట, పడి ఉన్న మేకు, బోల్టు, రాయి, ప్లాస్టిక్ ముక్కను ఎఫ్‌వోడీ అంటారు. మా గురువుగారు పొద్దున్నే సెంటర్ ముందర పది స్క్రూలు చల్లేవారు. పిల్లలు వరసగా నిలబడి, చెయ్యి చాపినంత దూరంలో, మెల్లగా నడుస్తూ అన్నీ ఏరాలి. తొమ్మిదే దొరికితే మళ్లీ మొదటినుంచి. "ఇంత చిన్నదానికి ఇంత రగడేంది సార్?" అని ఒక పిల్లవాడు విసుక్కున్నాడు. ఆయన 2000 జూలై 25 సంగతి చెప్పారు. పారిస్‌లో రన్‌వే మీద మరో విమానం నుంచి ఊడిపడిన లోహపు ముక్క కాంకార్డ్ విమానం టైరును చీల్చింది. టైరు ముక్క ఎగిరి ఇంధనం ట్యాంకుకు తగిలింది. మంటలు లేచాయి. విమానంలో ఉన్న 109 మంది, నేలమీద నలుగురు, మొత్తం 113 మంది చనిపోయారు. ఆ తర్వాత ఆ పిల్లవాడు పదో స్క్రూ దొరికేదాకా వంగి వెతికాడు. ఇప్పుడు గ్రౌండ్ హ్యాండ్లింగ్‌లో ఉన్నాడు. లోడర్‌గా చేరి టీమ్ లీడర్ అయ్యాడు. కొత్తవాళ్లకు తనే ఈ కథ చెబుతున్నాడని విని మా గురువుగారు ఎంత సంతోషపడ్డారో!

గడియారం కూడా నేర్పాల్సిన విద్యే. ఒక పిల్లవాడికి మొదటి రోస్టర్ వచ్చింది: 15వ తేదీ, 00:30. పాపం అతను 15 పగలంతా ఇంట్లో ఉండి, ఆ రాత్రి అన్నం తిని, టిఫిన్ డబ్బా పట్టుకుని ఉత్సాహంగా వెళ్లాడు. ఆ డ్యూటీ అప్పటికి ఒక రోజు కిందటే అయిపోయింది. 15వ తేదీ 00:30 అంటే 14 రాత్రి మనం పడుకునే వేళ. సూపర్‌వైజర్ మంచివాడు కాబట్టి కొలువు నిలిచింది. ఆనాటి నుంచి మా క్లాసులో పన్నెండు గంటల లెక్కే లేదు. చాయ్ 16:00కి, సెలవు 17:30కి. పదిరోజుల్లో అలవాటైపోతుంది. ఏ రోస్టర్ ఇచ్చినా పిల్లలతో ఒక ప్రశ్నకు జవాబు రాయిస్తాం: "ఇంటి నుంచి ఏ రోజు, ఏ పూట బయలుదేరాలి?"

కాళ్లను కూడా తయారుచేయాలి. గోదాములో పికర్ పనంటే షిఫ్టంతా నడకే. రిటైల్ కౌంటర్ అంటే షిఫ్టంతా నిలబడటమే. మొదటివారంలో మానేసేవాళ్లలో చాలామంది పని రాక కాదు, పాదాలు వాచి మానేస్తారు. అందుకని రెండో వారం నుంచి రోజూ ఒక గంట కుర్చీలు తీసేస్తాం. తర్వాత రెండు గంటలు, ఆ తర్వాత పూటంతా. పాఠం నిలబడే వింటారు. బూట్లు కూడా ఇక్కడే వేసుకోవడం మొదలుపెట్టాలి. చెప్పులకు అలవాటుపడ్డ పాదం కొత్త బూటులో మొదటిరోజే బొబ్బలెక్కుతుంది.

ఇంగ్లిష్ అనగానే పిల్లల ముఖాలు వాడిపోతాయి. గ్రామర్ పుస్తకం పక్కన పెట్టండి. ఏ కొలువుకు ఏ వాక్యాలు కావాలో మార్కెట్ స్కాన్‌లోనే రాసుకురండి. ఫుడ్ కౌంటర్ మీద పనిచేసే అమ్మాయి చెప్పాల్సిన మాటలు ముప్పై, నలభై దాటవు. కార్డా, క్యాషా? ఇక్కడ తింటారా, తీసుకెళ్తారా? ఐదు నిమిషాలు పడుతుంది. ఇంకొకసారి చెప్పగలరా? ఆ చివరి వాక్యం అన్నిటికంటే విలువైనది. అర్థం కానప్పుడు భయపడి నవ్వేసే బదులు మర్యాదగా మళ్లీ అడగగలిగిన పిల్లకు ఇంక ఎవరన్నా బెరుకుండదు. పాల్మాకుల వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి క్లాసులో నోరు తెరవడానికి నెల పట్టింది. ఈ ముప్పై వాక్యాలూ రోజూ అద్దం ముందు చెప్పుకునేది. టెర్మినల్‌లో కౌంటర్ ఎక్కిన వారానికే ఫోన్ చేసి, "మేడం, ఒక్క వాక్యం కూడా బయటినుంచి రాలేదు, అన్నీ మనం నేర్చుకున్నయే!" అంది. ఆ గొంతులో ఉన్న ధీమా వినడానికే ఈ పని చేస్తున్నాను.

జీతం లెక్క చెప్పకుండా ఎవరినీ పంపొద్దు. పిల్లవాడు ఇంట్లో "పదిహేను వేలు" అని చెప్పి వెళతాడు. చేతికి తక్కువొస్తుంది. మధ్యలో ఎవరో తిన్నారనుకుని మానేస్తాడు. బోర్డు మీద లెక్క వేసి చూపించండి. గ్రాస్ 15,000, అందులో బేసిక్ 10,000 అనుకుందాం. పీఎఫ్ బేసిక్ మీద నూటికి 12, అంటే 1,200. ఈఎస్‌ఐ గ్రాస్ మీద నూటికి ముప్పావు, అంటే 113. చేతికొచ్చేది 13,687. పీఎఫ్‌లో కంపెనీ కూడా తనవంతు వేస్తుంది. ఈఎస్‌ఐలో కంపెనీ నూటికి మూడుంపావు కడుతుంది, ఇంటిల్లిపాదికీ వైద్యం అందుతుంది. అంటే కోత పడిన డబ్బు ఊరికే పోలేదు. పీఎఫ్ వాళ్ల పేరునే ఉంది, ఈఎస్‌ఐ వైద్యానికి పనికొస్తుంది. ఈ లెక్క తల్లిదండ్రుల మీటింగ్‌లో కూడా చెప్పండి. అంతేకాదు, స్లిప్పులో పీఎఫ్ కోసి ఖాతాలో వేయకపోతే ఎలా కనిపెట్టాలో, యూఏఎన్ నంబరుతో ఫోన్‌లో ఎలా చూసుకోవాలో నేర్పండి. నమ్రతతో పాటు హక్కు కూడా నేర్పినప్పుడే అది శిక్షణ అవుతుంది.

ఇప్పుడు అసలు మెట్టు. కొలువులో చేర్చాక మీ ఫోన్ ఎప్పుడు మోగాలో చెబుతాను. మొదటిరోజు సాయంత్రం, ఏడో రోజు, మొదటి జీతం పడ్డ రోజు, నలభై ఐదో రోజు, తొంభయ్యో రోజు. "బాగున్నావా?" అని అడగొద్దు, బాగానే ఉన్నానంటారు. "ఇయ్యాల ఏం తిన్నవ్? ఎవరితోని తిన్నవ్?" అని అడగండి. ఒంటరిగా తింటున్న పిల్ల త్వరలో మానేస్తుంది. అదే షిఫ్టులో ఉన్న మన పాత విద్యార్థికి చెప్పి జతచేయండి.

కేలండర్‌లో పండగలకు ఎర్ర గీత పెట్టుకోండి. బోనాలు, తండాల్లో తీజ్, బతుకమ్మ, దసరా, సంక్రాంతి. విమానాశ్రయానికి పండగ సెలవుండదు. ఆ రోజుల్లోనే రద్దీ ఎక్కువ. చెప్పకుండా ఊరెళ్లి, తిరిగి వెళ్లడానికి మొహం చెల్లక మానేసేవాళ్లు ప్రతి బ్యాచ్‌లో ఉంటారు. పండగకు మూడు వారాల ముందే ఫోన్ చేసి సెలవు చీటీ పెట్టించండి. దొరక్కపోతే ఇంట్లోవాళ్లతో మీరే మాట్లాడి, పండగ ముందురోజో, మర్నాడో కలిసేలా చూడండి.

ఒక పిల్లవాడు గోదాములో చేరిన రెండు వారాలకే రావడం మానేశాడు. టార్గెట్ అందుకోలేకపోతున్నాడని సూపర్‌వైజర్ చెప్పాడు. ఇంటికి వెళ్లి మాట్లాడితే మొదట ఏమీ చెప్పలేదు. మా ట్రైనర్ ఒకాయన తెలివిగా అతని చేతికి ఒక పార్సిల్ ఇచ్చి లేబుల్ చదవమన్నాడు. కుర్రవాడు దాన్ని ముక్కు దగ్గరికి తెచ్చుకున్నాడు. కళ్లజోడు పెట్టించాం, సూపర్‌వైజర్‌ని ఒప్పించి మళ్లీ చేర్చాం. తర్వాతి నెల ఆ బేలో అందరికంటే ముందు నిలిచాడు. బ్యాచ్‌లో చేరిన మొదటివారంలోనే కంటిపరీక్ష అన్నది అప్పట్నుంచి మా నియమం. ఆ ట్రైనర్ చూపు లేకపోతే అతని పేరు "మానేసినవాళ్ల" జాబితాలో కలిసిపోయేది.

ఈ నియమాన్ని వెంటనే పక్క సెంటర్లకు చెప్పాం. ఈ ప్రాంతంలో ఒంటరిగా పనిచేసే సంస్థ ఏదీ లేదు. విమానాశ్రయం పక్కన జీఎంఆర్ వరలక్ష్మి ఫౌండేషన్ శిక్షణ కేంద్రం ఉంది. ముచ్చింతలలో స్వర్ణభారత్ ట్రస్ట్ ఉంది. రాజేంద్రనగర్‌లో జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థ ఉంది. మీ దగ్గర లేని కోర్సు పిల్లవాడు అడిగితే, మీ బ్యాచ్ నిండదని భయపడి అతన్ని వేరే కోర్సులో కూర్చోబెట్టకండి. అది ఉన్నచోటికి ఉత్తరమిచ్చి పంపండి. ఒకే బిడ్డను రెండు సంస్థలు తమ లెక్కలో చూపించుకోవడం కూడా నేను విన్నాను. అది ఆ బిడ్డకూ, దాతకూ చేసే మోసం. అటువంటి సంఖ్యతో వచ్చే పేరు మనకొద్దు.

ఏం పంచుకోవాలి? కాగితాల చెక్‌లిస్టు, కొలువులవారీ ఇంగ్లిష్ వాక్యాలు, జీతం లెక్క, పండగల కేలండర్, ఎవరు ఎందుకు మానేశారన్న కారణాల పట్టిక. ఆ చివరిది బయటపెట్టడానికి చాలామంది వెనకాడతారు, దాతలు ఏమనుకుంటారోనని. కానీ అన్నిటికంటే ఎక్కువ నేర్పేది అదే. పంచుకోకూడనివి పిల్లల ఫోన్ నంబర్లు, ఇంటి సంగతులు, కులం, ఆరోగ్యం. అవి వాళ్లు మనల్ని నమ్మి చెప్పినవి. వాళ్లు ఒప్పుకుంటేనే దాటించాలి.

కొలువులు మారుతూనే ఉంటాయి. 2025 నవంబర్ 26న ఇక్కడి ఏరోస్పేస్ సెజ్‌లో సఫ్రాన్ సంస్థ విమానాలకు వాడే లీప్ ఇంజిన్ల మరమ్మతు కేంద్రానికి ప్రారంభోత్సవం జరిగింది. లోడర్, ప్యాకర్ కొలువుల దగ్గరే మన పిల్లల్ని ఆపేస్తే సరిపోదు. ఐటీఐ ఫిట్టర్, డిప్లొమా చదివే పిల్లలను ఇప్పటి నుంచే గుర్తించి, పైమెట్టుకు దారి చూపాలి. గోదాములో రెండేళ్లు చేసిన అమ్మాయికి స్టాక్ లెక్కలు, కంప్యూటర్ నేర్పి సూపర్‌వైజర్ పరీక్షకు కూర్చోబెట్టాలి. మొదటి కొలువు ఇప్పించిన సంస్థే రెండో మెట్టు ఎక్కించే బాధ్యత కూడా తీసుకోవాలని నేను గట్టిగా నమ్ముతాను.

మీ తొలి బ్యాచ్‌కు ఇప్పుడే తేదీ పెట్టుకోకండి. ముందు వారం రోజులు గేట్ల దగ్గర నిలబడి సూపర్‌వైజర్లతో మాట్లాడండి, రెండు సాయంత్రాలు మహిళా సంఘాల్లో కూర్చోండి. విన్నది రాసుకోండి, దాన్నిబట్టి సిలబస్ తయారుచేయండి. తయారయ్యాక ఒక కాపీ మాకు పంపండి. మా ఊళ్లలో పనికొచ్చేది అందులో తప్పక ఉంటుంది.